సెలవులకు ముందు ప్రాణ స్నేహితులు, బడి తెరిచాక ముఖపరిచయం: ఆడపిల్లల స్నేహాల్లో వేసవిలో ఏం జరుగుతుంది?

బడి తెరిచిన మొదటి రోజు. నిరుడంతా ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరమ్మాయిలు గుమ్మం దగ్గర ఎదురుపడతారు. ఇద్దరూ నవ్వుతారు. "ఎలా ఉన్నావ్?" "బాగున్నా." అంతే. ఒకరు ముందు వరసకు వెళ్తారు, ఇంకొకరు కిటికీ పక్కకు వెళ్లి కూర్చుంటారు. గొడవేమీ జరగలేదు. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. సాయంత్రం ఇంట్లో అమ్మ అడుగుతుంది. "అదేంటే, అది రాలేదా ఈరోజు?" "వచ్చింది." "మరి?" ఆ "మరి?"కి పిల్ల దగ్గర జవాబు ఉండదు.

సెలవులు ముగిసే రోజుల్లో ఇలాంటి ఇళ్లు చాలా ఉంటాయి. పిల్ల ముభావంగా ఉంటుంది. ఫోన్ తీసి చూసి పక్కన పెట్టేస్తుంది. ఏమైందంటే "ఏం లేదు" అంటుంది. ఏదో గొడవపడ్డారు, రెండు రోజుల్లో వాళ్లే కలుస్తారులే అని కొందరు పెద్దవాళ్లు సర్దిచెప్పుకుంటారు. ఆ రెండో పిల్లకు పొగరెక్కిందని మరికొందరు తేల్చేస్తారు. చాలాసార్లు ఈ రెండూ తప్పే. 12 నుంచి 16 ఏళ్ల మధ్య ఆడపిల్లల స్నేహం దేనితో తయారవుతుందో, అందులో రెండు నెలల ఖాళీ వస్తే ఏమవుతుందో చూస్తే తప్ప ఆ ప్రశ్నకు జవాబు దొరకదు.

గొడవ వేరు, దూరం పెట్టడం వేరు, దూరమవడం వేరు

"వాళ్ల స్నేహం చెడింది" అనే ఒక్క మాట కింద మూడు వేరువేరు సంగతులు కలిసిపోతున్నాయి.

గొడవకు ఒక రోజు ఉంటుంది, ఒక కారణం ఉంటుంది. చిన్నప్పటి కటీఫ్ ఇలాంటిదే. చెప్పి మరీ విడిపోతారు, చెప్పి మరీ మళ్లీ జట్టు కడతారు. ఎక్కడ తెగిందో ఇద్దరికీ తెలుసు కాబట్టి ఎక్కడ అతకాలో కూడా తెలుసు.

దూరం పెట్టడంలో ఒకరి నిర్ణయం ఉంటుంది. పిలవకూడదని అనుకుని పిలవకపోవడం, గ్రూపులోంచి తీసేయడం, వస్తే మాట ఆపేయడం. ఇందులో ఒకరు చేసేవాళ్లు, ఇంకొకరు పడేవాళ్లు.

దూరమవడంలో నిర్ణయం తీసుకున్నవాళ్లంటూ ఎవరూ ఉండరు. రోజూ ఉండే మాట వారానికొకసారి అవుతుంది. తర్వాత పండక్కీ పుట్టినరోజుకీ శుభాకాంక్షలు చెప్పుకోవడం మిగులుతుంది. ఎప్పుడు మొదలైందంటే ఇద్దరూ చెప్పలేరు. వేసవిలో ఎక్కువగా జరిగేది ఇదే. దీనికి మన దగ్గర కటీఫ్ లాంటి మాట లేదు. అందుకే పిల్లలు దీన్ని పెద్దవాళ్లకు చెప్పలేకపోతారు.

ఇంకొక తేడా కూడా ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త జూలీ బౌకర్ 2011లో టీనేజీ తొలినాళ్లలోని స్నేహాల మీద రాసిన పరిశోధనలో, బెస్ట్ ఫ్రెండ్ బంధం పూర్తిగా తెగిపోవడాన్నీ, అది కేవలం ఒక మెట్టు దిగి మామూలు స్నేహంగా మిగలడాన్నీ విడివిడిగా చూశారు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. పిల్ల అనుభవంలో మాత్రం ఒకేలా ఉండవు. తెగిపోతే మనిషి ఎదుట ఉండదు. మెట్టు దిగితే ఆ మనిషి రోజూ ఎదురుగా ఉంటుంది, నవ్వుతుంది, నోట్సు కూడా ఇస్తుంది. తనకు మాత్రం నిరుటి చోటు ఉండదు.

"ఫ్రెండ్" అనే మాటకే అర్థం మారిపోయే వయసు

ఆరేళ్ల పిల్లను నీ ఫ్రెండ్ ఎవరని అడిగితే పక్కింటి పాప పేరు చెబుతుంది. ఎందుకంటే "వాళ్లింట్లో ఉయ్యాల ఉంది" అంటుంది. పద్నాలుగేళ్ల అమ్మాయిని అదే అడిగితే కాసేపు ఆలోచించి, "తనకి అన్నీ చెప్పుకోవచ్చు" అంటుంది. మాట ఒకటే అయినా ఇద్దరూ చెబుతున్నది వేరు.

ఈ మార్పును మెట్లుగా విడదీసి చూపినవాడు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ సెల్మన్. ఆయన పిల్లలకు ఒక చిన్న కథ చెప్పి ప్రశ్నలు అడిగేవారు. ఒక అమ్మాయి తన చిరకాల స్నేహితురాలికి రేపు వస్తానని మాట ఇచ్చింది. ఇంతలో కొత్తగా వచ్చిన మరో అమ్మాయి సరిగ్గా అదే సమయానికి ఒక ప్రదర్శన చూడ్డానికి రమ్మని పిలిచింది. ఇప్పుడు ఏం చేయాలి? పాత స్నేహితురాలికి ఎలా ఉంటుంది? స్నేహం అంటే పిల్లలకు ఏమిటో తెలుసుకోవడానికి ఆయన ఎంచుకున్న చిక్కు ఇద్దరమ్మాయిల మధ్యకు మూడో అమ్మాయి రావడం. ఇది నాకు చాలా సరైన ఎంపిక అనిపిస్తుంది, ఎందుకంటే ఈ వ్యాసంలో చెప్పబోయేదంతా దాదాపు ఆ కథలోనే ఉంది.

పిల్లల జవాబులను బట్టి ఆయన 1980 నాటికి స్నేహానికి ఐదు దశలు ఉన్నాయన్నారు. మనకు కావలసినవి చివరి రెండు. మొదటిది సుమారు తొమ్మిది నుంచి పదిహేనేళ్ల మధ్య కనిపించే దశ. ఇందులో స్నేహం అంటే అన్నీ పంచుకోవడం, ఒకరికొకరు సొంతం కావడం. నా ఫ్రెండ్ నాకే ఫ్రెండ్. తను ఇంకొకరితో నవ్వితే గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది, అది ద్రోహంలా తోస్తుంది. రెండోది పన్నెండేళ్ల తర్వాత ఎప్పుడైనా మొదలవ్వగల దశ. నువ్వు నాకు కావాలి, కానీ నీకు వేరే స్నేహాలు ఉండొచ్చు, నాకూ ఉండొచ్చు అనే అవగాహన ఇక్కడ వస్తుంది.

వయసుల అంకెలు చూడండి, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. ఒకే తరగతిలో, ఒకే వయసున్న ఇద్దరిలో ఒకరు ఈ మెట్టు మీద, ఇంకొకరు ఆ మెట్టు మీద ఉండవచ్చు. వాళ్లిద్దరూ సెలవుల్లో వేరువేరు చోట్లకు వెళ్లారనుకుందాం. ఒకమ్మాయికి అక్కడ కొత్త స్నేహితురాలు దొరికింది. ఆ సంతోషాన్ని పాత స్నేహితురాలితోనే పంచుకోవాలనుకుని ఫొటోలు పంపింది, "తను ఎంత బాగుంటుందో తెలుసా, నీకూ నచ్చుతుంది" అని రాసింది. పంపినమ్మాయి దృష్టిలో అది స్నేహమే. అందుకున్నమ్మాయి ఇంకా మొదటి మెట్టు మీదే ఉంటే, "నా చోటులోకి ఎవరో వచ్చారు" అన్న వార్తలాగే దాన్ని చదువుతుంది. ఒక ఎమోజీ పెట్టి ఊరుకుంటుంది. పంపినమ్మాయికి ఆ పొడి జవాబు అర్థం కాదు. నా సంతోషం దీనికి పట్టలేదా అనుకుంటుంది. ఇద్దరూ నొచ్చుకున్నారు, ఇద్దరిలో ఎవరూ తప్పు చేయలేదు.

సెల్మన్ మెట్లను నిచ్చెనలా కచ్చితంగా తీసుకోకూడదు. ఒకే పిల్ల సోమవారం ఒక మెట్టు మీద, బాధ కలిగిన మంగళవారం కింది మెట్టు మీద ఉంటుంది. పెద్దవాళ్లం మాత్రం అలా ఉండమా?

బడి మనకు తెలియకుండా చేసే పని, గంటల లెక్క

స్నేహం మనసులు కలవడం వల్ల పుడుతుందని అనుకుంటాం. తలుపులు దగ్గరగా ఉండడం వల్ల కూడా పుడుతుంది. 1950లో లియాన్ ఫెస్టింగర్, ఆయన సహచరులు ఒక అమెరికన్ విశ్వవిద్యాలయంలో వివాహిత విద్యార్థుల నివాసాలను పరిశీలించి ఇదే చూపించారు. ఎవరి గుమ్మానికి ఎవరి గుమ్మం దగ్గరో, ఎవరు మెట్ల దగ్గర ఎక్కువగా ఎదురుపడతారో వాళ్లే ఎక్కువగా స్నేహితులయ్యారు.

బడి చేసేది సరిగ్గా ఇదే. కలవాలని ఎవరూ అనుకోనక్కర్లేదు, గంట కొట్టినప్పుడల్లా కలిపేస్తుంది. ఆ ఏర్పాటు వేసవిలో ఒక్కసారిగా ఆగిపోతుంది.

ఎంత తేడా వస్తుందో లెక్క వేద్దాం. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ 2018లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, కొత్త మనిషి మామూలు స్నేహితులు కావడానికి సుమారు 50 గంటలు, స్నేహితులు అనదగినవాళ్లు కావడానికి 90 గంటలు, దగ్గరి స్నేహితులు కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలి. పక్కపక్కన కూర్చుని పని చేసిన గంటల కన్నా తీరిగ్గా కబుర్లు చెప్పుకున్న గంటలే ఎక్కువ లెక్కలోకి వచ్చాయి. ఆయన అడిగింది ఊరు మారిన పెద్దవాళ్లనూ కాలేజీలో కొత్తగా చేరిన విద్యార్థులనూ కాబట్టి ఈ అంకెలు చిన్న పిల్లలకు అచ్చంగా అతకవు. కానీ ఒక అంచనాకు పనికొస్తాయి.

బడి ఉన్న రోజున ఇద్దరమ్మాయిలకు దొరికే తీరిక సమయం: భోజన విరామం 40 నిమిషాలు, చిన్న విరామాలు 20, కలిసి ఇంటికి నడిచే దారి 30, రాత్రి ఫోన్‌లో 30. మొత్తం రెండు గంటలు. వారానికి ఐదు రోజులైతే 10 గంటలు. ఎనిమిది వారాల సెలవుల్లో ఆ 80 గంటలు పోయి, రోజూ అరగంట ఫోన్ నిలబెట్టుకున్నా మిగిలేది 28 గంటలు. అదే ఎనిమిది వారాలూ ఒకమ్మాయి ఏ ఆటల శిక్షణకో, డ్యాన్స్ క్లాసుకో రోజుకు నాలుగు గంటలు, వారానికి ఆరు రోజులు వెళ్లిందనుకోండి. అక్కడ పరిచయమైన అమ్మాయితో గడిపింది 192 గంటలు. ముక్కూ మొహం తెలియని పిల్ల దగ్గరి స్నేహితురాలి గుమ్మం దాకా రావడానికి ఒక్క వేసవి చాలు.

గంటలు పోవడం ఒక ఎత్తు, ఎవరు ముందు పిలవాలన్నది ఇంకో ఎత్తు. బడిలో ఈ ప్రశ్నే రాదు. సెలవుల్లో ప్రతిసారీ ఒకరు పూనుకోవాలి. మొదటి వారం ఒకమ్మాయి రెండుసార్లు ఫోన్ చేసింది, రెండోసారి అవతలి పిల్ల బంధువుల మధ్యలో ఉండి "మళ్లీ చేస్తా" అంది, మరిచిపోయింది. ఇవతలి పిల్ల "ఈసారి తనే చేయాలి" అని ఆగింది. పది రోజులు గడిచాక అవతలి పిల్లకు గుర్తొచ్చింది. కానీ ఇన్నాళ్లకు చేస్తే ఏమంటుందోనని మొహమాటం. ఇరవై రోజులకు ఆ మొహమాటం రెట్టింపయింది. ఇద్దరూ ఎదుటివాళ్లకే తన మీద ఆసక్తి పోయిందని నమ్ముతూ సెలవులు ముగించారు.

ఎదుగుదల ఒకరికి ముందు, ఒకరికి వెనక

ఆడపిల్లల్లో యవ్వన దశ 8 నుంచి 13 ఏళ్ల మధ్య ఎప్పుడు మొదలైనా వైద్యులు మామూలే అంటారు. అంటే అంతా సవ్యంగా ఉన్న ఇద్దరు పిల్లల మధ్య కూడా నాలుగైదేళ్ల తేడా ఉండొచ్చు. ఒకే తరగతిలో ఒకమ్మాయి పెద్దమనిషై రెండేళ్లు దాటి ఉంటుంది, పక్కనున్న అమ్మాయి ఇంకా తాడాట ఆడుతూ ఉంటుంది.

"వేసవిలో ఒక్కసారిగా పెద్దదైపోయింది" అని అందరూ అంటారు. లెక్క చూస్తే అంత జరగదు. ఎత్తు అన్నిటికన్నా వేగంగా పెరిగే ఏడాదిలో ఆడపిల్లలు సుమారు 8 నుంచి 9 సెంటీమీటర్లు పెరుగుతారు. రెండు నెలలకు ఒకటిన్నర సెంటీమీటరు. రోజూ చూసే కళ్లకు ఇది ఆనదు. రెండు నెలలు చూడని కళ్లకు ఆ ఎత్తు, మారిన ఒళ్లు, కొత్త నడక, కొత్తగా జడ వేసుకున్న తీరు అన్నీ కలిసి ఒకేసారి కనిపిస్తాయి. నిరుటి పిల్ల స్థానంలో ఎవరో నిలబడినట్టు ఉంటుంది. నిజానికి మార్పు ఏడాదంతా జరుగుతూనే ఉంది.

శరీరంతో పాటు ఇష్టాలూ ముందువెనకలవుతాయి. ఒకరికి అద్దం ముందు నిలబడడం కొత్త పని అవుతుంది, తరగతిలో ఎవరో అబ్బాయి గురించి మాట్లాడాలని ఉంటుంది. ఇంకొకరికి ఆ మాటలు విసుగు, కొంచెం భయం కూడా. "నువ్వు ఇంకా చిన్నపిల్లవే" అని ఒకరికి అనిపిస్తుంది, "నువ్వు మారిపోయావు" అని ఇంకొకరికి. ముందు ఎదిగిన పిల్ల ధైర్యంగా ఉందనుకోవడం కూడా పొరపాటే. తన ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పుకోవడానికి తనకు తోడు కావాలి, పాత స్నేహితురాలికి చెబితే అర్థం కాదేమోనన్న సంకోచం ఉంటుంది. అందుకే అదే దశలో ఉన్న వేరే అమ్మాయి వైపు మొగ్గుతుంది.

ఇలా పోలిక తగ్గడం స్నేహాన్ని నిజంగా తెంచుతుందా? 2015లో ఏమీ హార్టల్, బ్రెట్ లార్సెన్, ఆంటోనియస్ సిలెసెన్ ప్రచురించిన ఒక అమెరికన్ అధ్యయనం ఈ ప్రశ్న మీదే నడిచింది. ఏడో తరగతిలో మొదలైన 573 స్నేహాలను పన్నెండో తరగతి వరకూ గమనించారు. అవి అబ్బాయిలవీ అమ్మాయిలవీ కలిపి 410 మంది పిల్లల స్నేహాలు. చివరికి నిలిచినవి సుమారు 1 శాతం. ఈ అంకె మొదటిసారి చదివినప్పుడు నాకు దిగులేసింది. తర్వాత ఆలోచిస్తే, ఏడో తరగతి బెస్ట్ ఫ్రెండ్ దూరమైందని తనను తాను నిందించుకునే ప్రతి పిల్లకూ ఈ అంకె తెలిస్తే బాగుండనిపించింది.

ఆ అధ్యయనంలో అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఏ పిల్లలోనూ ఫలానా గుణం ఉంటే స్నేహం తెగుతుందని తేలలేదు. చదువులో వెనకబడిన పిల్ల స్నేహాలు, తోటివాళ్లలో అంత పేరులేని పిల్ల స్నేహాలు కేవలం ఆ కారణంగా చెడలేదు. ఇద్దరి మధ్య ఆ విషయాల్లో తేడా ఎంత ఉందన్నదే లెక్కకు వచ్చింది. "నాలో ఏదో లోపం ఉంది, అందుకే వెళ్లిపోయింది" అనే ఊహకు ఇందులో ఆధారం దొరకదు.

మాటలతో, రహస్యాలతో కట్టిన స్నేహం

అబ్బాయిల స్నేహాలూ దూరమవుతాయి. మరి ఆడపిల్లల విషయం విడిగా ఎందుకు చూడాలి?

సామ్ రాబర్ట్స్, రాబిన్ డన్‌బార్ బ్రిటన్‌లో బడి ముగించుకుని కాలేజీకో ఉద్యోగానికో వెళ్లిన 30 మంది విద్యార్థులను 18 నెలల పాటు గమనించారు. అబ్బాయిల మధ్య దగ్గరితనం కలిసి ఏదైనా చేయడం వల్ల నిలిచింది. అమ్మాయిల మధ్య మాటల వల్ల నిలిచింది. చాలా చిన్న బృందం అది, వయసులో కొంచెం పెద్దవాళ్లు కూడా. అయినా వేసవి సంగతి అర్థం కావడానికి ఇది ఉపయోగపడుతుంది. బంతాటతో నిలిచే స్నేహం రెండు నెలలు ఆగినా బంతి తీయగానే మళ్లీ మొదలవుతుంది. మాటతో నిలిచే స్నేహంలో రెండు నెలల మాటలు జరగకపోతే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియదు. చెప్పని సంగతులు పోగుపడతాయి. మొదటివారం చెప్పాల్సినది ఎనిమిదో వారం చెబితే, "అప్పుడెందుకు చెప్పలేదు?" అన్న ప్రశ్న వస్తుంది.

ఆడపిల్లల మాటల్లో ఒక ప్రత్యేకమైన తీరును ఆమండా రోజ్ 2002లో గుర్తించారు. ఒకే బాధను ఇద్దరూ కలిసి పదేపదే తవ్వుకోవడం. "నన్ను చూసి ఎందుకు నవ్వింది?", "నీకేమనిపించింది?", "నిన్న కూడా అలాగే నవ్వింది కదా?" అంటూ గంటలకొద్దీ. ఆమె బృందం 2007లో ఆరు నెలల పాటు పిల్లలను గమనిస్తే, ఇలా మాట్లాడుకునే ఆడపిల్లల స్నేహం గట్టిపడింది, దాంతోపాటే వాళ్లలో దిగులు, ఆందోళన లక్షణాలూ పెరిగాయి. అబ్బాయిల్లో స్నేహం గట్టిపడింది కానీ ఆ దిగులు పెరగలేదు. దగ్గరితనాన్నీ దిగులునూ తెచ్చే దారి ఒకటే అన్నమాట. ఇందులోంచి ఒక చిక్కు వస్తుంది. వేసవిలో విడిగా ఉండి కాస్త తేలికపడిన పిల్ల, "తనతో లేనప్పుడు నాకు బాగుంది" అని గమనించవచ్చు. అలా అనిపించినందుకు తప్పు చేసినట్టు బాధపడుతుంది, మొహం చాటేస్తుంది.

జాయిస్ బెనెన్సన్, ఎథీనా క్రిస్టాకోస్ 2003లో చూపిన సంగతి కూడా ఇక్కడికే వస్తుంది. అబ్బాయిలతో పోలిస్తే ఆడపిల్లల అతిదగ్గరి స్నేహాలు తక్కువ కాలం నిలుస్తున్నాయి, ఆ స్నేహం తెగిపోతే ఎలా ఉంటుందని ఊహించినప్పుడు ఆడపిల్లలే ఎక్కువ కలవరపడ్డారు. ఇద్దరే ఉండే స్నేహంలో మనస్పర్థ వస్తే సర్దిచెప్పే మూడో మనిషి ఉండదు. గుంపుగా ఆడేవాళ్ల మధ్య ఆ అవకాశం ఉంటుంది.

ఇక రహస్యాలు. పన్నెండేళ్లకు ఒకరికొకరు చెప్పుకున్నవి పెద్దవాళ్ల చెవికి చిన్నవే కావచ్చు. ఎవరంటే ఇష్టమో, ఇంట్లో అమ్మానాన్నలు ఎందుకు పోట్లాడుకున్నారో, పక్క తడిపిన రాత్రి సంగతో. కానీ ఆ వయసు పిల్ల దగ్గర ఉన్న ఆస్తి అదే. దూరమైన స్నేహితురాలు ఆ ఆస్తిని తన దగ్గరే ఉంచుకుని వెళ్తుంది. బడి తెరిచాక ఆమె కొత్త స్నేహితురాళ్లతో నవ్వుతుంటే, పాత పిల్లకు ముందు అసూయ కన్నా భయం వేస్తుంది. "చెప్పేసిందా?" చాలాసార్లు చెప్పి ఉండదు. నా పదమూడో ఏట నా స్నేహితురాలు నాకు చెప్పిన ఒక విషయం ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఆమెతో మాటలు ఆగి ఎన్నో ఏళ్లయింది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదన్నది ఆమెకు తెలిసే మార్గం మాత్రం లేదు. ఆ రోజుల్లో ఆమె ఎన్ని రాత్రులు దాని గురించి టెన్షన్ పడిందో అని ఇప్పుడు అనిపిస్తుంది.

ఫోన్ తెర మీద దూరం

ఫోన్ వల్లే స్నేహాలు పాడవుతున్నాయనే మాట తరచూ వినిపిస్తుంది. నెదర్లాండ్స్‌లో పట్టి వాల్కెన్‌బర్గ్, యోహెన్ పీటర్ 2007లో ప్రచురించిన పరిశోధన అందుకు భిన్నంగా ఉంది. అప్పటికే ఉన్న స్నేహితులతో ఆన్‌లైన్‌లో మాట్లాడుకునే పిల్లలు ఒకరికొకరు మరింత దగ్గరగా ఉన్నామని చెప్పారు. పై లెక్కలోని 28 గంటలు దక్కేది కూడా ఫోన్ వల్లే. అయితే ఆ పరిశోధన నాటికి పిల్లల చేతిలో ఉన్నవి ఈనాటి యాప్‌లు కావు.

ఫోన్ తెచ్చిన అసలు మార్పు, దూరమవడాన్ని కళ్లకు కట్టినట్టు చూపించడం. వెనకటి తరం పిల్లకు స్నేహితురాలు వేసవిలో ఎవరితో తిరిగిందో బడి తెరిచేదాకా తెలిసేది కాదు. ఇప్పుడు స్టోరీలో కనిపిస్తుంది. మెసేజ్ చూసి జవాబివ్వలేదని నీలం గుర్తులు చెబుతాయి. ఐదుగురున్న గ్రూపు నిశ్శబ్దంగా ఉందంటే, తను లేకుండా నలుగురితో ఇంకో గ్రూపు నడుస్తోందేమోనన్న అనుమానం వస్తుంది. ఏమీ ఉద్దేశం లేని ఆలస్యం కూడా ఇక్కడ ఒక సాక్ష్యంలా కనిపిస్తుంది.

కావాలని వెలివేస్తే

అన్నీ అమాయకమైన దూరాలే అనుకుంటే కొందరు పిల్లలకు అన్యాయం చేసినట్టే. స్నేహాన్నే ఆయుధంగా వాడి గాయపరచడాన్ని నిక్కీ క్రిక్, జెన్నిఫర్ గ్రాట్‌పీటర్ 1995లో ఒక ప్రత్యేకమైన దాడిగా వర్ణించారు. పుకార్లు పుట్టించడం, "నువ్వు దానితో మాట్లాడితే నేను నీతో మాట్లాడను" అనడం, మూకుమ్మడిగా మాట మానేయడం ఇందులోకి వస్తాయి. ఇది ఆడపిల్లల స్వభావమనే ప్రచారం తర్వాత బాగా జరిగింది. నోయల్ కార్డ్ బృందం 2008లో 148 అధ్యయనాలను కలిపి చూస్తే ఈ విషయంలో అబ్బాయిలకూ అమ్మాయిలకూ మధ్య తేడా నామమాత్రంగానే కనిపించింది. "ఆడపిల్లలు ఇంతే" అనే మాటకు అంత బలం లేదు.

బయటి నుంచి చూసేవాళ్లకు రెండిటినీ విడదీసేది ఒకటే. దూరమైన స్నేహంలో ఒక్కరే కాస్త పక్కకు జరుగుతారు, మిగతావాళ్లు మామూలుగానే మాట్లాడతారు. వెలివేతలో ఒకే వారంలో అందరూ కలిసి మౌనం వహిస్తారు.

"ఇంత చిన్నదానికి ఇంత ఏడుపా?"

చిన్నది కాదు. మనస్తత్వ శాస్త్రం వైపు నుంచి దీనికి కొంత ఆధారం ఉంది. కిప్లింగ్ విలియమ్స్ తయారు చేసిన ఒక కంప్యూటర్ ఆటలో ముగ్గురు బంతి విసురుకుంటారు. కాసేపటికి మిగతా ఇద్దరూ మూడో మనిషికి బంతి ఇవ్వడం మానేస్తారు. అవతల ఉన్నవి నిజానికి కంప్యూటరు నడిపే బొమ్మలే. క్యాథరిన్ సెబాస్టియన్, సారా జేన్ బ్లేక్‌మోర్ బృందం 2010లో దీన్ని ఆడపిల్లలతోనూ వయోజన స్త్రీలతోనూ ఆడించింది. బంతి రాకుండా పోయాక పెద్దవాళ్ల కన్నా టీనేజీ పిల్లల మనసు ఎక్కువ కుంగింది. మొహం కూడా తెలియని ఆటగాళ్లు బంతి ఇవ్వకపోతేనే ఇంత అయితే, మూడేళ్లు పక్కన కూర్చున్న మనిషి మాట మానేస్తే ఎలా ఉంటుంది?

బాధకు ఇంకో కోణం, దానికి గుర్తింపు లేకపోవడం. లోకం బాధగా ఒప్పుకోని శోకానికి కెన్నెత్ డోకా 1989లో ప్రత్యేకంగా ఒక పేరు పెట్టారు. ఎవరైనా పోతే పలకరించడానికి వస్తారు. స్నేహితురాలు దూరమైతే "ఇంకొకరు దొరుకుతారులే" అంటారు. పాలీన్ బాస్ అనే పరిశోధకురాలు తప్పిపోయిన సైనికుల కుటుంబాలను చూసి, పోయారో ఉన్నారో తేలని నష్టం గురించి రాశారు. ఆ సందర్భం చాలా పెద్దది, దీనితో సమానం చేయకూడదు. కానీ తేలకపోవడం వల్ల దుఃఖం ముగియదన్న ఆమె గమనిక ఇక్కడా వర్తిస్తుందని నా నమ్మకం. మనిషి ఎదురుగానే ఉంది, "ఫ్రెండ్‌వి కావు" అని ఎవరూ అనలేదు. ఏడవడానికి కూడా ఫలానా కారణం దొరకదు.

సహజమే అనేవాళ్లు, నష్టమే అనేవాళ్లు

ఒక పక్షం వాదన ఇలా ఉంటుంది. ఈ వయసులో స్నేహాలు మారడం ఎదుగుదలలో భాగం. ఒకే బట్ట ఏటేటా సరిపోదు. 1 శాతమే నిలుస్తున్నాయంటే మిగతా 99 శాతం ప్రమాదాలని అనలేం కదా. డెనిస్ కాండెల్ 1978లోనే చూపినట్టు, పిల్లలు తమలాంటివాళ్లను వెతుక్కుంటారు, కలిసున్నాక మరింత ఒకేలా తయారవుతారు, పోలిక తగ్గినవాళ్లు విడిపోతారు. పట్టి బంధిస్తే మిగిలేది మొహమాటమే.

ఇంకో పక్షానికీ బలమైన ఆధారం ఉంది. వర్జీనియా విశ్వవిద్యాలయంలో రేచెల్ నార్, జోసెఫ్ అలెన్ బృందం 169 మందిని 15 నుంచి 25 ఏళ్ల వయసు దాకా గమనించింది. టీనేజీలో దగ్గరి స్నేహం గట్టిగా ఉన్నవాళ్లకు పాతికేళ్లకు నలుగురిలో కలవాలంటే బెరుకు తగ్గింది, తమ మీద తమకు విలువ పెరిగింది, దిగులు లక్షణాలు తగ్గాయి. అప్పట్లో తోటివాళ్లందరూ కోరుకునే పిల్లలుగా పేరు తెచ్చుకున్నవాళ్లకు ఆ బెరుకు పెరిగింది. అంటే ఒక లోతైన స్నేహాన్ని వదిలి పేరున్న గుంపులో చేరడం అన్ని విధాలా ఎదుగుదలే అనలేం.

నాకు ఈ రెండు వాదాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకునేవిగా కనిపించవు. రెండో అధ్యయనం దగ్గరి స్నేహం ఒకటి ఉండడం గురించి చెప్పింది, అది చిన్ననాటి మనిషితోనే ఉండాలని చెప్పలేదు. పాత స్నేహం పోయి దాని చోట ఇంకొకటి వచ్చిన పిల్ల పరిస్థితి వేరు, ఏదీ రాని పిల్ల పరిస్థితి వేరు. సెలవుల తర్వాత ఒకరికి కొత్త గ్రూపు ఉండి ఇంకొకరికి ఖాళీ బెంచీ మిగిలితే, ఒకే సంఘటన ఒకరికి ఎదుగుదల, ఇంకొకరికి నష్టం. పెద్దవాళ్లు చాలాసార్లు మొదటి పిల్లను చూసి రెండో పిల్లకు ధైర్యం చెబుతుంటారు.

దూరమైనవాళ్లు మళ్లీ దగ్గరవుతారా?

కొందరు అవుతారు. అందుకు ఒక కారణం ఇంతకుముందు చెప్పిన ఎదుగుదల లెక్కలోనే ఉంది. పన్నెండేళ్లప్పుడు ఒకరు పెద్దమ్మాయిలా, ఒకరు చిన్నపిల్లలా కనిపించిన తేడా పదిహేడేళ్లు వచ్చేసరికి దాదాపు మాయమవుతుంది. వెనకున్న శరీరం అందుకుంటుంది. సొంతం చేసుకోవాలన్న స్నేహం దాటి, ఎవరి స్నేహాలు వాళ్లకుంటాయన్న మెట్టుకు ఇద్దరూ చేరి ఉంటారు. అప్పుడు ఏ పరీక్ష హాలు బయటో ఎదురుపడితే, ఏళ్లుగా లేని మాట పది నిమిషాల్లో వస్తుంది.

వచ్చేది మాత్రం ఏడో తరగతి నాటి స్నేహం కాదు. మధ్యలో దొరికినవాళ్లు ఎక్కడికీ పోరు, ఇద్దరికీ ఇప్పుడు వేరే బెస్ట్ ఫ్రెండ్స్ ఉంటారు. పూర్తిగా తెగకుండా ఒక మెట్టు దిగి ఆగిన స్నేహాలకు ఈ దారి తేలిక, ఎందుకంటే నోట్సు ఇచ్చిపుచ్చుకోవడం, పుట్టినరోజుకు ఒక మెసేజ్ పెట్టడం లాంటి సన్నని దారం ఆ ఏళ్లన్నీ నడుస్తూనే ఉంటుంది. ముందు ఫోన్ చేయడానికి మొహమాటపడి వేసవంతా ఆగిపోయిన ఆ ఇద్దరికీ, ఆ మొహమాటం అవతలివైపు కూడా ఉండేదన్న సంగతి సాధారణంగా ఇప్పుడే, ఇలాంటి మాటల్లోనే తెలుస్తుంది.